రాని శబ్దానికి వేలెత్తేవాళ్ళు

"వినబడితే వేలెత్తండి. వినబడకపోతే ఊరికే కూర్చోండి. ఇందులో పాసూ ఫెయిలూ ఏం ఉండవు."

అద్దానికి అవతలి గదిలో కూర్చున్న పెద్దాయన బుద్ధిగా తలూపాడు. హెడ్‌ఫోన్స్‌లో ఎర్ర చిప్ప కుడి చెవికి, నీలం చిప్ప ఎడమ చెవికి సరిగ్గా కూర్చున్నాయో లేదో మరోసారి చూసుకుని, ఆమె బరువైన తలుపు లాగి మూసింది. గోడల నిండా స్పాంజి అతికించిన ఆ చిన్న గదిలోకి లోకం చొరబడదు. వీధిలో హారన్లు, డాక్టరుగారి గది ముందు దగ్గులు, టోకెన్ల దగ్గర తగాదాలు, అన్నీ ఆ తలుపు దగ్గరే ఆగిపోతాయి.

మీట నొక్కే చెయ్యి పేషెంటుకి కనబడకుండా ఆమె అడ్డంగా ఒక అట్ట పెట్టుకుంటుంది. చాలామంది కళ్ళతో వింటారు. టెస్టు చేసేవాళ్ళ భుజం కాస్త కదిలితే చాలు, వేలు లేస్తుంది. అందుకని మొహంలో కూడా ఏమీ తెలియనివ్వకూడదు. శబ్దానికీ శబ్దానికీ మధ్య ఎడం ఒకేలా ఉంచకూడదు. లయ దొరికిందంటే లెక్క పెట్టుకుని మరీ ఎత్తేస్తారు.

సన్నటి కూత ఒకటి పంపింది. పెద్దాయన కదల్లేదు. కాస్త పెంచింది. అయినా కదల్లేదు. ఇంకాస్త పెంచాక వేలు లేచింది. ఆ తర్వాత ఆమె ఏమీ పంపకుండా ఊరుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కనుబొమలు పైకి పోయాయి. పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చింది. ఏ చప్పుడూ లేని ఆ గదిలో, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, నెమ్మదిగా వేలెత్తాడు.

ఇలా రాని శబ్దానికి వేలెత్తేవాళ్ళు రోజూ ఎవరో ఒకరు తగులుతారు. కొత్తలో వీళ్ళు మోసం చేస్తున్నారనుకునేది. కానీ వాళ్ళకి నిజంగానే వినబడుతుంది. ఎదురుచూసే చెవికి అంత ఆశ ఉంటుంది మరి.

అట్ట వెనక ఆమె ఫోను వణికింది. లిఫ్టు మెకానిక్ గ్రూపులో పెట్టిన మెసేజీ.

"లీకైంది! కొత్త మెషీన్ సౌండ్ లీకైంది! హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఏడుపొస్తుంది."

ఆ గ్రూపు పేరు తెల్లమీట నల్లమీట. అందులో ఉన్నవాళ్ళంతా పగలు ఏదో ఒక పని చేసుకుంటూ, సాయంత్రాలు సింథసైజర్ ముందు కూర్చునేవాళ్ళే. మామూలు కీబోర్డంటే వాళ్ళకి చిన్నచూపు. మీట నొక్కగానే తయారుగా ఉన్న శబ్దం వచ్చేస్తే అందులో మన గొప్పేముంది? గుండీలు తిప్పి తిప్పి శబ్దాన్ని మనమే పుట్టించుకోవాలంటారు. ఆమె దగ్గరున్న పాత సింథసైజర్‌ని తయారు చేసిన కంపెనీ చాలా ఏళ్ళుగా చప్పుడు చెయ్యకుండా ఉంది. ఇప్పుడు కొత్తది తెస్తోందని పుకారు. కంపెనీ నోరు విప్పి ఒక్క మాట అన్లేదు. ఉన్నదల్లా ఎక్కడిదో ఒక మసక ఫొటో. బల్ల మీద నల్లగుడ్డ కప్పిన పెట్టె ఏదో ఉందందులో. ఆ గుడ్డ ముడతలు చూసి కింద గుండీలెన్నో లెక్కకట్టినవాళ్ళు కూడా గ్రూపులో ఉన్నారు.

మధ్యాహ్నం పేషెంట్లు పలచబడ్డాక ఆమె తనే ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఫోనుకి మంచి హెడ్‌ఫోన్స్ తగిలించి కళ్ళు మూసుకుంది.

మొదట ఏమీ లేదు. తర్వాత ఊపిరి తీసుకుంటున్నట్టు ఎక్కడో అడుగున ఒక స్వరం మొదలైంది. దాని మీద పల్చటి వణుకు. ఒకచోట అది దారి తప్పబోయి, తనంతట తనే సర్దుకుంది. వెనకాల దూరంగా సన్నటి గలగల, డబ్బాలో చెంచాలు ఒకదానికొకటి తగిలినట్టు. పెద్ద గదిలో, మూసిన కిటికీల మధ్య, మధ్యాహ్నపు వెలుతురులో ఎవరో తమకోసం తాము వాయించుకుంటున్నట్టుంది. ఆఖర్న టిక్ మని చిన్న చప్పుడు, ఆపైన ఏమీ లేదు.

ఆమె మళ్ళీ వింది. ఇంకోసారి వింది. నిజంగానే కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ పాత మెషీన్ మీద తను వెతుకుతున్నది ఇదే. గుండీలు ఎంత తిప్పినా దగ్గరదాకా వచ్చి అందకుండా పోయేది ఇదే. ఆ శబ్దం లోపల ఇల్లు కట్టుకుని ఉండిపోవచ్చనిపించింది.

సాయంత్రం ఇంటికి పోతూ వాద్యాల షాపు దగ్గర ఆగింది. అప్పటికే అక్కడ సభ నడుస్తోంది. షాపాయన షోకేసులో మంచి చోటు చూసి ఒక స్టాండు ఖాళీగా నిలబెట్టాడు. కొత్తదానికట. ఆ ఖాళీ స్టాండు ముందు బేకరీ బాబాయ్ చేతులు వెనక్కి కట్టుకుని, ఏదో వస్తువు చూస్తున్నంత శ్రద్ధగా చూస్తున్నాడు. ఆయన బేకరీలో రొట్టెల పొయ్యి పక్కనే కీబోర్డు ఉంటుంది. మీటల సందుల్లో ఎప్పుడూ పిండి.

"విన్నావా అమ్మాయ్? ఆ వణుకు చూశావా? కరెంటు బొమ్మకి అంత ప్రాణం ఎక్కడ్నుంచి వచ్చిందో!" అన్నాడు.

"అది వణుకు కాదు బాబాయ్, కొత్త రకం సర్క్యూటు," అన్నాడు లిఫ్టు మెకానిక్. యూనిఫారం జేబులో స్క్రూడ్రైవర్లతో పని మధ్యలో వచ్చాడు. ఎవరి లిఫ్టో ఎక్కడో ఆగి ఉండే ఉంటుంది. "వెనకాల గలగల విన్నారా? కావాలని పెట్టారు. అదో కొత్త ఎఫెక్టు. మనకి అర్థం కావడానికి టైం పడుతుంది."

"మరి ఆఖర్న టిక్?" అందామె.

"అది కంపెనీ ముద్ర అక్కా. సంతకం లాంటిది."

బేకరీ బాబాయ్ ముక్కున వేలేసుకున్నాడు. ముగ్గురూ ఖాళీ స్టాండు వంక చూస్తూ ఉండిపోయారు. ఎవరి మెషీన్ వాళ్ళకి దాని మీద కనబడుతోంది. బాబాయ్‌కి తెల్లది, లిఫ్టు మెకానిక్‌కి ఎర్రదీపాలున్నది, ఆమెకి రంగే లేనిది.

షాపాయన గొంతు సవరించుకున్నాడు. "వస్తే మొదట ఒక్క పీసే వస్తుంది. పాతది నాకిచ్చేసిన వాళ్ళకే అది. నీది శనివారం నేనే వచ్చి తీసుకుపోతానమ్మా. కొత్తది వస్తోందని తెలిసిపోయాక పాతవాటి మొహం ఎవరూ చూడరు. ఇప్పుడైతేనే."

"శనివారం రండి," అందామె. ఆలోచించే అవసరం కూడా కనబడలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు వంటింట్లో వీపు ఇటు పెట్టి కూరగాయలు తరుగుతోంది.

"అత్తయ్యా, వచ్చేశానండీ."

కత్తి ఆగలేదు.

"అత్తయ్యా!"

అయినా ఆగలేదు. ఇది మామూలే. ఎదురుగా వెళ్ళి నిలబడితే మాత్రం "వచ్చావా? టీ పెట్టనా?" అని చక్కగా అడుగుతుంది, అన్నింటికీ సరిగ్గా జవాబు చెబుతుంది. వెనక నుంచి పిలిస్తే ఉలకదు పలకదు. కావాలనే చేస్తుందని కోడలికి ఎప్పుడో ఖాయమైపోయింది. ఇదే మాట భర్తతో అంటే నవ్వేస్తాడు. "మా అమ్మకి తనకి నచ్చినవే వినబడతాయి" అంటాడు. ఆయన కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. ఊరివాళ్ళ కళ్ళు నాకు, చెవులు నీకు అని పంచుకున్నట్టు చెబుతూ ఉంటాడు.

భోజనాల దగ్గర ఆమె పొద్దుటి పెద్దాయన కథ చెప్పింది. కళ్ళు మూసుకుని, కనుబొమలెత్తి, నవ్వుతూ వేలెత్తడం అచ్చం ఆయనలాగే చేసి చూపించింది. భర్త పొలమారేదాకా నవ్వాడు. అత్తగారు కోడలి మొహం వంకే చూస్తూ, తనూ చూపుడువేలు ఎత్తి, "ఇలాగేనా?" అంది.

"ఇలాగే," అని, అదే ఊపులో శనివారం సంగతి కూడా చెప్పేసింది.

అత్తగారి చెయ్యి కంచంలో ఆగింది. "పాతది ఇచ్చేస్తావా?"

"అవునత్తయ్యా. కొత్తది వస్తుంది కదా."

"కొత్తదానికి పక్కన చెక్క ఉంటుందా?"

ఇదేం ప్రశ్న అనుకుంది. "చెక్కెందుకండీ? ఇప్పుడన్నీ ఇనుమూ ప్లాస్టిక్కే."

"నీ ఇష్టం," అని అత్తగారు లేచి కంచాలు తీసింది.

ఆ పూట కూడా ఆమె హాల్లో మెషీన్ ముందు కూర్చుని, ఎప్పట్లాగే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకుంది. బల్ల కింద ఒక స్పీకరు పెట్టె ఉంది గానీ దాన్ని ఎప్పుడూ ముట్టుకోదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక్కసారి స్పీకరు పెట్టి వాయిస్తే, అత్తగారు మాట్లాడకుండా లేచి హాల్లో తలుపులూ కిటికీలూ అన్నీ మూసొచ్చింది. ఇరుగుపొరుగు వింటే పరువు తక్కువన్నమాట. ఆ పూటే హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది, మళ్ళీ తీయలేదు.

ఆ తర్వాతి రోజులు ఆమెకి నేల మీద నడుస్తున్నట్టు లేదు. క్లినిక్‌లో పేషెంట్లకి కూతలు పంపుతూ, మధ్య మధ్య నిశ్శబ్దంలో ఆ స్వరాన్ని లోలోపల మోగించుకునేది. బస్సు కిటికీకి తలానిస్తే ఇంజను వణుకులో అదే వినబడేది. కొత్తది వస్తే బల్లని గోడవైపు జరపాలి. మీటలు మెత్తగా ఉంటాయో బిరుసుగా ఉంటాయో. మొట్టమొదట ఏ మీట నొక్కాలి? తెల్లదా, నల్లదా? ఇంత చిన్న సంగతి మీద ఇంతసేపు ఆలోచించుకోవడం ఎంత సుఖంగా ఉందో ఎవరికీ చెప్పుకోలేదు. గ్రూపులో పుకారు రోజుకో పిల్లని పెడుతోంది. వచ్చే నెలే అన్నారు. కాదు, ఈ వారమే అన్నారు. లిఫ్టు మెకానిక్ అయితే దానికి పేరు కూడా పెట్టేశాడు.

ఇంట్లో మాత్రం ఒక మార్పు. అత్తగారు పాత మెషీన్‌ని పొద్దున్నా సాయంత్రం మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. పక్కనున్న చెక్కపలకల్ని మరీ నెమ్మదిగా తుడుస్తోంది. పోయేదానికి ఈ సేవలెందుకో అని కోడలు మనసులో విసుక్కుంది.

గురువారం క్లినిక్‌కి, టెస్టు చేసే మెషీన్నే టెస్టు చేసే మనిషి వచ్చాడు. ఏడాదికోసారి వచ్చి, శబ్దాలు చెప్పినంతే వస్తున్నాయో లేదో కొలిచి, సరిచేసి పోతాడు. ఇక పేషెంట్లని చూసేది లేదని డాక్టరుగారు మధ్యాహ్నమే ఆమెని పంపించేశారు.

మెట్లు సగం ఎక్కేసరికి ఆ స్వరం వినబడింది.

ఫోనులోది కాదు. గోడల్లోంచి, మెట్ల కమ్మీలోంచి, కాళ్ళ కిందనుంచి వస్తోంది. అడుగున మొదలై, వణికి, దారి తప్పబోయి సర్దుకుంటోంది. ఆమె గుండె ఒక్క ఎగురు ఎగిరింది. వచ్చేసింది! షాపాయన ముందే తెచ్చి ఇంట్లో పెట్టేశాడు, చెప్పకుండా! మిగిలిన మెట్లు ఎలా ఎక్కిందో తెలీదు. తాళంచెవి తిప్పి తలుపు తోసింది.

హాల్లో కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పాత మెషీన్ పాత చోటే ఉంది. దాని ముందు అత్తగారు కూర్చుని ఉంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చెంపని పక్కనున్న చెక్కపలకకి ఆనించి, కళ్ళు మూసుకుని, ఎడమ చివరి మీట మీద ఒక్క వేలు పెట్టి ఉంచింది. బల్ల కింద స్పీకరు పెట్టెకి ఎర్రదీపం వెలుగుతోంది. గోడవారనున్న బీరువా పిడి ఆ స్వరానికి సన్నగా గలగలలాడుతోంది.

"అత్తయ్యా," అంది.

అత్తగారు కదల్లేదు.

ఇంకాస్త గట్టిగా పిలిచింది. తలుపు చప్పుడు చేసింది. కదల్లేదు.

రోజూ అద్దం అవతల కూర్చునే మొహాల్ని ఎలా చూస్తుందో, ఆ మొహాన్ని అలా చూడటం ఆమెకి ఇదే మొదటిసారి. ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. వంటింట్లో తిరగని వీపు. ఎదురుగా నిలబడితే తన పెదవుల మీదే ఉండే చూపు. ఊరివాళ్ళందరి చెవులూ చూసి, ఇంట్లో చెవుడుని పొగరు అనుకుంది. సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. చెప్పులు కూడా విప్పకుండా అక్కడే నిలబడిపోయింది.

అత్తగారు వేలు తీసింది. ఎక్కడో పట్టేసే పాత మీట, టిక్ మంటూ పైకి లేచింది. హెడ్‌ఫోన్స్‌లో ఎన్నడూ వినబడని చప్పుడది. కళ్ళు తెరిచి కోడల్ని చూసి అత్తగారు గతుక్కుమంది. గబగబా కళ్ళజోడు పెట్టుకుని, ఒళ్ళోని గుడ్డతో మీటలు తుడవడం మొదలుపెట్టింది.

"ఊరికే... దుమ్ము పట్టిందని..."

కోడలు ఎదురుగా వచ్చి కింద కూర్చుంది. మాట స్పష్టంగా కనబడేలా మొహమెత్తి అడిగింది. "ఎన్నాళ్ళుగా వాయిస్తున్నారత్తయ్యా?"

"వాయించడం నాకేం వచ్చు? ఆ ఒక్కటే నొక్కుతా. నువ్వు రాత్రి గుండీలు ఎలా వదిలేస్తే అలాగే. ఒక్కటి కూడా కదపను, ఒట్టు." అత్తగారు గుడ్డని చిన్న మడత, ఇంకా చిన్న మడత పెట్టింది. "మాటలు వినబడతాయే గానీ ముద్ద ముద్దగా ఉంటాయి. పిట్టలెప్పుడో పోయాయి. కుక్కరు కూత కూడా పోయింది. ఇది మాత్రం చెక్కలోంచి లోపలికొస్తుంది. ఇక్కడికి." అని దవడ ముట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెవులు మూసుకుని నీలో నువ్వే వాయించుకునేదానివి. ఎవరూ వినడం నీకిష్టం లేదేమోననుకున్నా."

"మొదట్లో ఒకసారి నేను వాయిస్తే మీరు తలుపులేసేశారు కదా!"

అత్తగారు తెల్లబోయి చూసింది. "వీధి గోలలో నీ పాట సరిగ్గా వినబడటం లేదని వేశానే! వచ్చి కూర్చునేసరికి నువ్వు ఆపేశావు."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండూ వచ్చాయి.

"మొన్నామధ్య మీ ఆడపడుచుకి కూడా పంపా," అంది అత్తగారు కాస్త ధైర్యం వచ్చి. "ఫోను ఇక్కడ పెట్టి, ఆ మైకు బొమ్మ నొక్కి. దాని ఆఫీసులో ఎవరో సంగీతం పిచ్చాయన ఉన్నాట్ట, ఇదేం వాద్యమో కనుక్కుంటానని తీసుకున్నాట్ట."

ఆ సంగీతం పిచ్చాయన ఎవర్నో అడిగి ఉంటాడు. వాళ్ళు ఇంకొకర్ని. లిఫ్టు మెకానిక్ దాకా వచ్చేసరికి ప్రశ్న ఎక్కడో రాలిపోయి, లీకు మిగిలింది. ఇన్ని రోజులుగా బస్సుల్లో, బేకరీలో, ఖాళీ స్టాండు ముందు ఇంతమంది కలలుగన్నది ఈ హాలుని, ఈ బీరువా పిడిని, ఈ వేలిని. ఆమె రాత్రుళ్ళు తిప్పి తిప్పి, ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అనుకుంటూ వదిలేసిన గుండీల్ని.

"అత్తయ్యా, శనివారం..."

"నా కోసం మాత్రం ఆపొద్దు," అత్తగారు ఠక్కున అంది. "ఎన్నాళ్ళనుంచో మోజు పడుతున్నావు, నాకు తెలీదా? చెవులు పోయినా కళ్ళున్నాయి. ఆపావంటే నాతో మాట్లాడకు." లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున్నే ఆమె మనసు ఉగ్గబట్టుకోలేక గ్రూపుకి నిజం చెప్పేద్దామనుకుంది. కిటికీలు మూసి, స్పీకరు వేసి, ఆ చివరి మీట తనే నొక్కి ఫోనులో పట్టింది. "ఇది మా ఇంట్లో పాత మెషీన్. ఆ సౌండ్ ఇదే" అని రాసి పంపింది.

క్షణం ఆలస్యం లేకుండా లిఫ్టు మెకానిక్ విరుచుకుపడ్డాడు. "రెండో లీక్! అక్కా, నీకెక్కడ దొరికింది? నిజం చెప్పు!"

"పాతదాని మీదా? పాతవాటికి ఆ లోతెక్కడిది అమ్మాయ్? మమ్మల్ని ఆటపట్టించకు," అని బేకరీ బాబాయ్.

"అక్కకి కంపెనీలో ఎవరో తెలుసు," అని ఇంకెవరో.

ఎంత చెప్పినా అంతే. కళ్ళు మూసుకుని వేలెత్తేసినవాళ్ళని దించమంటే దించుతారా? మొన్నటిదాకా తనూ అలా ఎత్తినదే. ఆమెకి వాళ్ళ మీద కోపం రాలేదు. వాళ్ళ సుఖం ఎలాంటిదో ఆమెకి తెలుసు. ఫోను బోర్లా పెట్టేసింది.

శనివారం షాపాయన చెప్పినట్టే వచ్చాడు. కింద బండి ఆగిన చప్పుడికి కోడలు కిటికీలోంచి చూసింది. ఆమె చూపునిబట్టే అత్తగారికి అర్థమైంది. ఒక్కసారి మెషీన్ దగ్గరికొచ్చి చెక్కపలక మీద అరచెయ్యి ఆనించి, వంటింట్లోకి పోయి, ఇటు వీపు పెట్టి తరగడానికి కూర్చుంది.

షాపాయన తాడు, పాతదుప్పటి తెచ్చాడు. దుప్పటి విప్పబోతుంటే ఆమె గుమ్మంలోనే అడ్డు నిలబడింది.

"ఇవ్వడం లేదండీ. రమ్మని చెప్పినందుకు ఏమీ అనుకోకండి."

"అదేంటమ్మా! మొదటి పీసు పోతుంది మరి."

"పోనివ్వండి."

"కొత్తది వచ్చాక నెత్తీనోరూ కొట్టుకుంటావు."

"వస్తే షాపుకొచ్చి వింటాను. వినడానికి రానిస్తారుగా?"

ఆయన ఆమె మొహంలోకి చూసి, ఇంక బేరం లేదని తెలిసి, దుప్పటి చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. బండి కదిలి వెళ్ళిపోయింది. కొత్తది అంటూ ఒకటి ఉందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలీదు. ఉంటే బాగుండునని ఆమెకి ఇంకా ఉంది. ఆ ఆశ పోలేదు, పోవాలని కూడా ఆమె అనుకోలేదు.

"అత్తయ్యా," అని అలవాటు కొద్దీ కేక వేసింది. "ఆయన వెళ్ళిపోయాడండీ!"

వంటింట్లో కత్తి చప్పుడు ఆగలేదు. అత్తగారి లెక్కలో మెషీన్ ఈపాటికి సగం వీధి దాటిపోయి ఉంటుంది.

ఆమె హాల్లో తలుపులూ కిటికీలూ అన్నీ మూసొచ్చింది. హెడ్‌ఫోన్స్ తీసి గోడకున్న మేకుకి తగిలించింది. బల్ల కిందికి వంగి స్పీకరు మీట వేసింది. ఎర్రదీపం వెలిగింది. ఎడమ చివరి మీట మీద వేలు పెట్టి, క్లినిక్‌లో లాగే, కాసేపు ఏమీ చెయ్యకుండా ఊరుకుంది. అటు వీపు కదల్లేదు. కత్తి తన లయలో తను నడుస్తోంది.

అప్పుడు నొక్కింది.

స్వరం అడుగునుంచి లేచింది. బీరువా పిడి గలగలలాడింది.

కత్తి ఆగింది. అత్తగారు వెనక్కి తిరగలేదు. కత్తి పక్కన పెట్టి, తడిచేతిని నెమ్మదిగా పైకి తీసుకొచ్చి, చూపుడువేలు ఎత్తింది.